కర్పూరం వెలగని అమావాస్య

"సుధా, ఈ పాలు ఒకసారి చూడమ్మా" అంటే ఆ ఇంట్లో చూడాల్సింది కళ్లతో కాదు, ముక్కుతో. సరస్వతమ్మ గిన్నె పట్టుకుని నిలబడితే, కోడలు సాయిసుధ చేతిలో పని పక్కన పడేసి, వంగి వాసన చూసి, "బాగుండాయత్తా, కాఫీకి పనికొస్తాయి" అని తీర్పు చెప్పాలి. నిన్నటి పప్పు పులిసిందా, గ్యాసు కట్టేశారా, అంగడిలో కందిపప్పు ముక్కిపోయిందా, అన్నిటికీ ఆ ముక్కే. హిందూపురంలో కిరాణా అంగడి నడుపుకునే ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ అది ఉమ్మడి ఆస్తి. "మా కోడలి ముక్కు ఉండగా ఫ్రిజ్జు యాల?" అని అత్త చుట్టాల దగ్గర మురిసిపోయేది కూడా.

అంతటి ముక్కు కారెక్కేసరికి ఎవరికీ పనికిరాకుండా పోయింది.

కొత్త కారులో మొదటిసారి ధర్మవరంలోని ఆడబిడ్డ ఇంటికి బయలుదేరిన రోజు, వెనక సీట్లో కూతురు సింధూరను ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది సాయిసుధ. పెనుకొండ కొండ కనబడేసరికి సన్నగా పెట్రోలు వాసన తగిలింది. చెబితే, భర్త మంజునాథ్ అద్దంలోంచి చూసి, "పెట్రోలు కారులో పెట్రోలు వాసన రాక మల్లెపూల వాసన వస్తాదా?" అన్నాడు. ముందు సీట్లో అత్త కిసుక్కున నవ్వింది. సాయిసుధ పోరు పడలేక మంజునాథ్ ఒకసారి కారును షోరూముకు తీసుకుపోయాడు. అక్కడి సూపర్‌వైజరు ఆమె వైపు చూడనైనా చూడకుండా, "కొంతమంది లేడీసుకు కొత్త కారు పడదు సార్" అని మంజునాథ్‌కు చెప్పి, అద్దానికి ఒక సెంటు బుడ్డి వేలాడదీశాడు. ఇక మల్లెపూల వాసన కూడా మొదలైంది, పెట్రోలుతో కలిసి.

సింధూర దారిలో వాంతి చేసుకుంటే, "నువ్వు ముక్కు మూసుకుంటాంటే బిడ్డ కూడా అదే నేర్చుకుంటాది" అంది అత్త. ఆ వాంతి కడిగిందీ, సీటు తుడిచిందీ సాయిసుధే. అలా తుడుస్తూ తుడుస్తూ తనకే అనుమానం పట్టుకుంది. నిజంగానే నాది చాదస్తమేమో, పుట్టింట్లో కారు ఎరగని దాన్ని కదా, ఇంతమందికి రాని వాసన నా ఒక్కదానికే వస్తుందా? పాలు విరిగాయని చెబితే గిన్నెడు పాలు పారబోసే మనుషులు, కారు సంగతి చెబితే పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారేం? ఈ ప్రశ్న ఆమె పైకి అడగలేదు. అడిగితే దానికీ ఒక నవ్వు ఉంటుందని తెలుసు.

ఆ అమావాస్య సాయంత్రం మంజునాథ్ ధర్మవరం నుంచి వచ్చి కారు వాకిట్లో ఆపాడు. సాయిసుధ బిందెలతో నీళ్లు పోసి కడిగి, ముందు ముగ్గు వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. ఎదురింటి వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం పెట్టి వెలిగించి, కారు చుట్టూ తిప్పి పగలగొట్టడం ప్రతి అమావాస్యకూ ఉన్నదే. సింధూర మాత్రం అప్పుడే వెనక తలుపు తీసుకుని సీటెక్కి, కూనిరాగం తీస్తోంది. వెలిగించడం కోడలి వంతు. అగ్గిపెట్టె తెరిచింది. వాసన వచ్చింది. ఈసారి సన్నగా కాదు, గొంతు పట్టుకునేంత.

ఆమె అగ్గిపెట్టెను పిడికిట్లో మూసేసింది. "నేను వెలిగించను."

"ఏమ్మే, నలుగురి ముందర పరువు తీస్తాండావే!" అన్నాడు మంజునాథ్.

"అమావాస్య పూట అపశకునం మాటలా?" అంటూ అత్త అగ్గిపెట్టె కోసం చెయ్యి చాపింది. సాయిసుధ ఇవ్వలేదు. తలుపు తీసి బిడ్డను చంకనెత్తుకుని, పట్టుచీరతోనే తడినేల మీద మోకాళ్లూని, కారు కిందికి వంగి చూసింది.

వెనక సీటుకు సరిగ్గా దిగువన, నల్లటి గొట్టం నుంచి ఒక్కొక్క చుక్కే కారుతోంది. చుక్క పడ్డచోట నీళ్ల మీద రంగులు విచ్చుకుని, నీలం ఆకుపచ్చలోకీ ఆకుపచ్చ ఊదాలోకీ జారుతూ, వాలు వెంబడి ముందుకొచ్చి ఆమె వేసిన ముగ్గును చుట్టుకుంటున్నాయి. ధర్మవరం నెమలికంఠం పట్టును వెలుతుర్లో తిప్పినట్టుంది. ఇంత అందంగా ఉంటుందా చావు? ఇన్నాళ్లూ దీనిమీదే కూర్చుని బిడ్డకు జోకొట్టానా? భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆశ్చర్యమే. ఆ రంగులను చూసి కాదు, ఎంతమంది కాదన్నా తనకు అబద్ధం చెప్పని తన ముక్కును తలచుకుని. దానికి మనసులోనే దండం పెట్టుకుంది.

ఆమె వేలు చూపిన చోటు చూసి అందరూ ఎదురింటి అరుగు దాకా వెనక్కి పోయారు. ఆ రోజు కర్పూరం వెలగలేదు.

షోరూమువాళ్లు కారును లాక్కుపోయి గొట్టం మార్చారు. "ఎలుక కొరికింది సార్" అన్నారు. మంజునాథ్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఇంటికొచ్చాడు. "రూపాయి తీసుకోకుండా ఉత్తగానే మార్చిచ్చినారు. ఇంగ దీన్ని యాడా ఎత్తొద్దు. ఆ షోరూము ఓనరు మన అంగడికి వచ్చే మనిషి."

సాయిసుధ చపాతీలు కాలుస్తూ విన్నది. కొత్త కారులో మొదటి రోజే కొరికిన ఎలుక! ఇలాంటి కార్లు ఇంకెన్ని తిరుగుతున్నాయో, వాటి వెనక సీట్లలో ఎందరు ఆడవాళ్లు ముక్కు మూసుకుని, తమదే తప్పనుకుంటున్నారో. పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, మొగుడి ఎదురుగానే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేసింది.

"ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండి మేడం. నేను రాసుకుంటున్నా" అంది అవతలి అమ్మాయి.

నా మాటల్లోనా? అవి రాసుకునే మనిషి కూడా ఈ లోకంలో ఉందా? గుడి తలుపులు తెరిచినప్పటిలా సాయిసుధకు ఒళ్లు జలదరించింది. మంజునాథ్ వద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. అప్పుడే సరస్వతమ్మ గిన్నెతో వచ్చి నిలబడింది.

"సుధా, ఈ పాలు..."

"నా ముక్కు ఇప్పుడు పనిలో ఉండాదత్తా. మీకూ ఉండాది కదా, చూసుకోండి."

ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది.

"రాసుకోండమ్మా. వాసన మొదటి రోజు నుంచే వచ్చింది. నేను మొదటి రోజే చెప్పినాను."