చవేతా చప్పుడు

"వరసలో చివర ఎవరు?" అని కేకేసి, చెయ్యెత్తిన ఎర్రచొక్కా ఆయన తర్వాత తన వంతని గుర్తుపెట్టుకుని, యనేసి ఒక్కచోట నిలబడలేక ఓస్నియెల్ గుమ్మం ముందు అటూ ఇటూ తిరగసాగింది. శనివారం మధ్యాహ్నం రెండు దాటింది. నాలుగింటికి వాళ్ళ పేటలో కరెంటు పోతుంది. ఈలోపు కాపీ కావాలి, ఇంటికి చేరాలి, నానమ్మకి ముప్పావుగంట సాగే సీరియల్ చివరి భాగంలో మాటలు చదివి వినిపించాలి.

ఓస్నియెల్ దగ్గరున్నది మూట. అందరూ అలాగే అంటారు. హవానా నుంచి వారం వారం బస్సెక్కి వాళ్ళ ఊరు పినార్ దెల్ రియోకి వచ్చే సీరియళ్ళ హార్డ్ డిస్క్ అది. లోకంలోని కన్నీళ్ళన్నీ అందులోనే ఉంటాయి: తుర్కుల అత్తాకోడళ్ళు, బ్రెజిల్ జమీందార్లు, కొరియా ప్రేమికులు, డెన్మార్క్ హంతకులు. యనేసి భర్త రోయిలాన్‌కి డెన్మార్క్ హంతకులు కావాలి. అతని నానమ్మ ఓబ్దూలియాకి కొరియా ప్రేమికులు కావాలి. పెళ్ళయి నలభై రోజులే అయిన యనేసికి మాత్రం ఒకే ఒక్క చప్పుడు కావాలి.

ఓబ్దూలియా చుట్టల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు పనిచేసింది. అక్కడ ఎత్తుపీట మీద ఒకాయన కూర్చుని, చుట్టలు చుట్టేవాళ్ళకి నవలలు చదివి వినిపించేవాడు. చదివింది నచ్చితే అందరూ పొగాకు కోసే చవేతా రేకుతో బల్లమీద టకటకా కొట్టేవాళ్ళు. నచ్చకపోతే చవేతాని నేలకేసి విసిరేవాళ్ళు. ఇప్పుడామె కళ్ళకి శుక్లాలు. తెర అడుగున పరిగెత్తే అక్షరాలు కనబడవు. ఆ అరచెయ్యంత ఉక్కు రేకు మాత్రం ఇంకా ఆమె ఏప్రాన్ జేబులోనే ఉంది. దాంతో జామ హల్వా ముక్కలు కోసుకుంటుంది. నలభై రోజులుగా యనేసి గొంతు మార్చి మార్చి చదువుతున్నా, ఆ చవేతా హల్వా కోసిందే తప్ప ఒక్కసారీ మోగలేదు.

"రెండు కాపీలా, వదినా? ఫైళ్ళ పేర్లు చెప్పు, తొందరగా," అన్నాడు ఓస్నియెల్.

"రెండూ చివరివే. 'చివరిది' అని పెట్టెయ్. రెండూ ఒక్కచోటే వెయ్యి బాబూ, టైమైపోతోంది!"

"ఒకటే పేరా?"

"వెయ్యమంటుంటే!"

వేశాడు.

మూడుంబావుకి ఆమె పరుగున ఇంట్లో పడేసరికి ఓబ్దూలియా ఊగుడు కుర్చీలో సిద్ధంగా ఉంది. కిటికీకి అటువైపు పెరట్లో పొరుగింటి మిగ్దాలియా బట్టలు ఉతుకుతూ చెవులు ఇటే వేసింది. ఆమెది తుర్కుల పక్షం.

"ఒక్క ముద్దుకి పదహారు భాగాలు! మా వాళ్ళైతే ఈపాటికి ముగ్గుర్ని పాతిపెట్టేవాళ్ళు," అంది మిగ్దాలియా.

"నువ్వు సబ్బు చూసుకోవే," అంది ఓబ్దూలియా. "కానివ్వు పిల్లా."

తెరమీద మంచు కురుస్తోంది. సైనికుడు ఆ పిల్ల చేతిలో పువ్వు పెట్టి ఏదో అన్నాడు. యనేసి గొంతు బొంగురు చేసి, ప్రేమంతా నింపి, అడుగునున్న అక్షరాలు చదివింది:

"శవానికి చెప్పులు లేవు."

కుర్చీ ఊగడం ఆగింది. కిటికీ అవతల ఉతుకుడూ ఆగింది.

"ఎవరు పోయారు?" అంది ఓబ్దూలియా.

"ఎవరూ పోలేదు నానమ్మా! కళ్ళు తిరిగి తప్పు చదివాను."

తర్వాతి వాక్యం 'కమిషనర్‌కి ఫోన్ చెయ్యి' అని వచ్చింది. యనేసికి సంగతి అర్థమైంది. వీడియోలు రెండూ వేర్వేరు రకాలు కాబట్టి బాగానే వచ్చాయి. కానీ మాటల ఫైళ్ళు రెండిటికీ ఒకే పేరు పెట్టించింది కాబట్టి రెండోది వెళ్ళి మొదటిదాని మీద పడింది. సైనికుడి నోట్లో డెన్మార్క్ పోలీసు కూర్చున్నాడు. ఇదంతా తన తొందర చేసిన పనే.

ఫ్యాక్టరీలో ఒకసారి చదివేవాడు జాలిపడి, కథలో చచ్చిపోవాల్సిన పిల్లని బతికించాడట. విషయం తెలిశాక నూటయాభై చవేతాలు ఒక్కసారి నేలమీద పడ్డాయట. "ఆ చప్పుడు విన్నాక ఆయన వారం రోజులు రాలేదు," అని ఓబ్దూలియా పెళ్ళైన మర్నాడే చెప్పింది.

చెప్పెయ్యాలి. యనేసి నోరు తెరిచింది. అప్పటికే సైనికుడూ తెరిచాడు.

"చలేస్తోందా?" అనేసింది.

అతని పెదాలు ఇంకా ఆడుతున్నాయి. ఇంకో మాట కావాలి. ఇంకోటి. ఒక చెవితో గడియారం వింటూ, ఒక కంటితో పెదాలు చూస్తూ, కాళ్ళు కుదురుగా పెట్టుకోలేక, కుర్చీ అంచుకి జరిగి జరిగి ఆమె మాటలు పోగేసింది. పోనుపోను తడబాటు తగ్గింది. స్టేషన్లో ఆ పిల్ల ఎక్కిన రైలు కదలబోతుంటే సైనికుడు చాలాసేపు మాట్లాడాడు. యనేసికి మరేమీ తోచక, పొద్దున తన వంటింట్లో జరిగింది చెప్పేసింది.

"నువ్వు కాఫీలో పంచదార వేసి కలపడం మర్చిపోతావు. మొదట అంతా చేదే. ఆఖరి గుక్కలో ఆ తీపంతా ఒక్కసారి వస్తుంది. రోజంతా ఆ గుక్క నాలిక మీదే ఉంటుంది. నువ్వు ఎప్పటికీ కలపడం నేర్చుకోకు."

ఓబ్దూలియా ముందుకు వంగింది. చెయ్యి జేబులోకి వెళ్ళింది. చవేతా బయటికి వచ్చింది.

అప్పుడే తెర నల్లబడింది. ఫ్యాను గిర్రున తిరిగి నెమ్మదించింది. నాలుగవడానికింకా పది నిమిషాలుంది.

"ముందే తీసేశారు, వాళ్ళ చేతులు విరగ!" అని మిగ్దాలియా అరిచింది.

"తర్వాత?" అంది ఓబ్దూలియా. చవేతా ఆమె వేళ్ళ మధ్య కుర్చీ చేతికి జానెడు ఎత్తున ఆగి ఉంది.

ఇంకొక్క మాట చాలు. 'అమ్మాయి రైలు దిగింది' అంటే చాలు, మోగుతుంది. యనేసి లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది.

"నానమ్మా, నాకు తెలీదు. ఇవాళ మొదట్నుంచీ ఏదీ తెలీదు. ఆ అక్షరాలు రోయిలాన్ పోలీసువాళ్ళవి. పేర్లు కలిపేశాను. నేనన్నవన్నీ నేనే అల్లాను."

చవేతా గాల్లోకి లేచి నేలపలకల మీద ఖణేల్మని పడింది.

"అయ్యో!" అని కిటికీలోంచి మిగ్దాలియా తల లోపలికి వచ్చింది. "పడేసిందే! నేను విన్నాను!"

యనేసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఓబ్దూలియా మాత్రం మసకకళ్ళతో ఆమె వైపే చూస్తోంది.

"ఆ సైనికుడు పదిహేను భాగాల్లో పది మాటలు మాట్లాడినవాడు కాదు. ఇవాళ ఒకటే వాగుడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది," అంది. "ఆ కాఫీ ఎవరిది?"

"నాదే. రోయిలాన్ పొద్దున అన్నాడు."

"వాడా? కరెంటు బిల్లు చదివినట్టు ప్రేమకథలు చదివేవాడు, వాడన్నాడా ఆ మాట?"

"గుక్క సంగతి అతనిదే నానమ్మా. కలపడం నేర్చుకోకు అన్నది మాత్రం నేను కలిపాను."

ముసలామె పెదాలు కొరుక్కుంది. నవ్వు ఆపుకుంటోందని యనేసికి తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

"అది తీసి ఇటివ్వు."

యనేసి వంగి చవేతాని అందించింది. ఓబ్దూలియా దాన్ని ఏప్రాన్‌తో తుడిచి, కుర్చీ చేతిమీద టక్ టక్ మని గట్టిగా కొట్టింది. కర్రమీద రెండు గాట్లు పడ్డాయి.

"వచ్చే శనివారం అసలుది తే. వేరే పేరు పెట్టించు. ఆ సైనికుడికి చెప్పడానికి ఇంతకంటే మంచి మాటలు ఉన్నాయేమో చూద్దాం."

"ఇదేంటి? పడేసిందా, కొట్టిందా?" అని మిగ్దాలియా గగ్గోలు పెట్టింది. "వీధికి నేనేం చెప్పను?"

"వరసగా చెప్పు," అంది ఓబ్దూలియా. "పిల్లా, ఆ డెన్మార్క్ శవానికి చెప్పులు ఎందుకు లేవు?"