మంచం కింద నాలుగు తెల్ల పలకలు

"వెనక గది ఇక మీదేనమ్మా. అద్దెవాళ్లు ఖాళీ చేసిన ముందు గదిలోకి పెద్దాడూ మీ అక్కా మారుతున్నారు" అని అత్తగారు చెప్పగానే కొత్తకోడలి కాళ్లు నేల మీద నిలవలేదు. పెళ్లయి ఇరవై రోజులు. ఇన్నాళ్లూ మొగుడూ పెళ్లాలిద్దరూ హాల్లో దుప్పటి తెర కట్టుకుని, మామగారి గురక వింటూ పడుకున్నారు. ఇప్పుడు తలుపు, ఆ తలుపుకో గడియ. ఆ గడియను ఊరికే మూడుసార్లు వేసి తీసింది.

"ఇంత మంచి మనసు ఎవరికుంటుందక్కా" అంది తోడికోడలితో.

"దానిదేముంది. పొద్దుటి వంట నువ్వు చూసుకో, చాలు."

రెండు నెలలు ఐదింటికే లేచి, కూనిరాగం తీస్తూ ఏడుగురికి వండింది. గది నేలలో నాలుగు పలకలు మాత్రం మిగతావాటికన్నా తెల్లగా ఉండేవి. తమకోసమే కొత్తవి వేయించారని మురిసిపోయి, సరిగ్గా వాటి మీదే మంచం వేసుకుంది.

ఒకరోజు బాత్రూములో నీళ్లు దిగడం మానేశాయి. మర్నాటికి బుడగలేస్తూ పైకే వచ్చాయి. సెప్టిక్ ట్యాంకు తోడే మనిషిని పిలిపించారు.

"ఎందుకిలా అయింది బాబాయ్?" అని అడిగిందామె.

"ఇంట్లోంచి పోయేదంతా ట్యాంకులోకే కదమ్మా. బరువైంది అడుగున మడ్డిగా దిగుతుంది, జిడ్డు పైన తెట్టు కడుతుంది. మధ్యనున్న నీళ్లు రెండో అరలోకి, అక్కణ్నించి ఇంకుడు గుంతలోకి పోతాయి. కంటికి కనపడని పురుగు ఆ మడ్డిని తింటుంది గానీ ఎంతని తింటుంది? నాలుగేళ్లకోసారి తోడించాల్సిందే. మూతెక్కడ?"

అత్తగారు ఆకాశం చూశారు. తోడికోడలికి పొయ్యి మీద ఏదో గుర్తొచ్చింది.

అతను బాత్రూము గోడ నుంచి గొట్టం పోయిన దారి పట్టి అడుగులేస్తూ వెనక గదిలోకి వచ్చాడు. గునపంతో నేలను తడుతూ పోయాడు. మంచం కింద డొల్లగా మోగింది.

"ట్యాంకు మీదే గది కట్టేశారు. పోయినసారి కూడా ఇక్కడే పగలగొట్టారు, పలకలు కలవలేదు చూడండి. తోడాక పది రోజులు కంపుకి ఇక్కడ ఉండలేరు."

ఆమె భర్త వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

అతను గడియ గోకుతూ నిలబడ్డాడు. "చెబితే గది వద్దనేదానివి."

"తోడించి నాలుగేళ్లు నిండుతున్నాయని అక్కకి తెలుసా?"

"వదినకి తెలుసు. అందుకే మారింది."

ఆమె పరుపు చుట్టి గోడకి ఆనించింది.

"బాబాయ్, రేపు ఎనిమిదింటికి తోడే లారీ తీసుకురండి" అంది. తర్వాత వంటింటికి వినపడేలా, "అక్కా, రేపు పొద్దున్నే మా మంచం మీ ముందు గదిలోకి వస్తుంది. దుప్పటి తెర ఉతికి హాల్లోనే పెట్టాను, మీకు పనికొస్తుంది. వంటకి ఐదింటికి మిమ్మల్ని నేనే లేపుతాను."