ద్రోణుడి పాదాలకు జానెడు దూరంలో

బాణం ద్రోణాచార్యుడి పాదాల వైపు వెళ్ళాలి. అది రథం పక్కనుంచి, గొడుగుల మీదుగా దూసుకుపోయి టీ కాచే గుడారంలో దూరింది. లోపల గిన్నె బోర్లాపడ్డ చప్పుడు, దాని వెనకే వంటవాడి తిట్లు వినిపించాయి.

"ప్యాకప్ చెప్పండి బాబూ," అన్నాడు ద్రోణాచార్యుడు. "ఈ కాళ్ళతో నాకింకా పనుంది."

ద్రోణుడి వేషంలో ఉన్నది సత్యనారాయణమూర్తి. నాటకాల్లోంచి వచ్చిన పాతకాలపు నటుడు. భయమేసినా జోకు వేయకుండా ఉండలేడు.

అది ఎనభై తొమ్మిదో సంవత్సరం, జూన్ మొదటివారం. జూబ్లీహిల్స్ బండల మధ్య యుద్ధభూమి సెట్ వేశారు. ఆవుల్ని తోలుకుపోతున్న కౌరవసేనను అర్జునుడు ఒంటరిగా అడ్డుకునే ఘట్టం. యుద్ధానికి ముందు గురువుగారి పాదాల దగ్గర బాణం నాటి నమస్కారం చేస్తాడు. డైరెక్టర్ రామకృష్ణ ఆ నమస్కారాన్ని ఒకే షాట్‌లో తీస్తానని పట్టుబట్టాడు. కెమెరా అర్జునుడి వెనక ఉంటుంది. బాణం విల్లు వదలడం, ఎదురుగా ద్రోణుడి పాదాల ముందు దిగడం, రెండూ కట్ లేకుండా కనపడాలి.

పొద్దున తీగ కట్టి చూశారు. ఎండ పడి ఆ తీగ బట్టలారేసే దండెంలా తళతళలాడింది. దాని మీద బాణం నింపాదిగా జారుకుంటూ వస్తుంటే, "ఉత్తరం వస్తున్నట్టుంది నాయనా," అన్నాడు సత్యనారాయణమూర్తి. హీరో నిన్ననే క్లోజప్పులు ముగించుకుని మద్రాసు విమానం ఎక్కేశాడు. అతనికి డూపుగా కుర్ర ఫైటరొకడు నిజం బాణం వేస్తే, అది టీ గుడారంలో తేలింది.

ప్రాపర్టీ లారీ నీడలో కూర్చుని బాణాలకు ఈకలు అతికిస్తున్న వీరభద్రం ఇదంతా చూశాడు. చేతిలో పని పక్కన పెట్టాడు.

ఒకప్పుడు ఈ పని అతనిది. తండ్రి ఏటూరునాగారం అడవుల్లో ఫారెస్టు గార్డు. వీరభద్రం కోయపిల్లలతో ఆడుకుంటూ విల్లు పట్టాడు. సినిమాల్లోకి వచ్చాక ఏ హీరో ఏ రాక్షసుణ్ణి కొట్టినా, దూరపు షాట్‌లో కనపడే వీపు వీరభద్రానిదే అయ్యేది.

రెండేళ్ళ కిందట దగ్గులో రక్తం పడింది. కుడి ఊపిరితిత్తిలో కింది భాగం పాడైపోయిందన్నారు. కోసి తీసేశారు. కోత కుడి రెక్క ఎముక కింద మొదలై, చంక కిందుగా చుట్టుకుని రొమ్ముదాకా వచ్చింది. దారిలో అడ్డొచ్చిన కండ కూడా తెగింది. "ప్రాణానికి ఢోకా లేదు. విల్లు మాత్రం మర్చిపోండి," అన్నాడు డాక్టరు.

ఊపిరి బలపడాలని నెలల తరబడి సీసాలో నీళ్ళు పోసి గొట్టంతో ఊదాడు. కుడి చెయ్యి పైకి లేవడానికి గోడమీద వేళ్ళు పాకించాడు. చెయ్యి లేచింది గాని, వింటినారి పట్టుకు లాగితే వీపులో కత్తి దిగినట్టయ్యేది. స్టంట్ మాస్టర్ త్రినాథరావు మంచివాడు కనుక ప్రాపర్టీ డిపార్ట్‌మెంటులో బాణాలు చేసే పని ఇప్పించాడు. కడుపు నిండింది. చెయ్యి మాత్రం ఖాళీగానే మిగిలింది.

ఒకరోజు కొత్త విల్లు వంపు చూద్దామని దాన్ని కుడిచేత్తో ముందుకు చాచి పట్టుకున్నాడు. నొప్పి లేదు! తోస్తే నొప్పి లేదు, లాగితేనే ఉంది. మెల్లగా నారిని ఎడమచేత్తో లాగాడు. వచ్చింది. ఆ రోజు రాత్రి భోజనం దగ్గర అతని ముఖం చూసి భార్య విశాలాక్షి, "ఏందయ్యా, లాటరీ తగిలిందా?" అంది.

మర్నాటి నుంచి తెల్లవారకముందే యూసుఫ్‌గూడ నుంచి సైకిల్ మీద ఈ బండల దగ్గరికే వచ్చేవాడు. అన్నీ తిరగబడ్డాయి. వేళ్ళు మాట వినవు. కుడి కన్ను ఒక్కటే మూసుకోదు. దానికి రుమాలు అడ్డం కట్టుకుని, అలవాటు కావడానికి ఇంట్లో కూడా అలాగే తిరిగాడు. అది కండ్లకలకేమోనని ఇరుగుపొరుగు తమ పిల్లల్ని వాళ్ళ గుమ్మం తొక్కనివ్వలేదు. "ఇల్లు శాన ప్రశాంతంగ ఉన్నది, ఇంకొన్ని దినాలు కట్టుకో," అని విశాలాక్షి ఎగతాళి చేసింది.

ఆరునెలలకు బాణం చెప్పినచోటికి పోవడం మొదలెట్టింది. సంగతి విశాలాక్షికి తప్ప ఎవరికీ తెలియదు. అవకాశం రావాలి. అదే రాలేదు. త్రినాథరావు చేతిలో దీని తర్వాత ఉన్నవన్నీ తుపాకుల సినిమాలే. విల్లు ఎత్తే షాట్ ఇంక ఇదొక్కటే. ఇది పోతే, జీవితాంతం ఇంకొకరి బాణాలకు ఈకలు అంటించుకోవాల్సిందే.

వీరభద్రం లేచి డైరెక్టర్ ముందుకొచ్చాడు.

"నేనేస్త సార్."

త్రినాథరావు అడ్డుపడ్డాడు. "భద్రం, నీకేమైనా పిచ్చా? డాక్టర్ ఏమన్నాడు?"

"ఆ చేత్తోని వద్దన్నడు మాస్టర్. ఈ చేత్తోని వద్దనలే."

ఎవరికీ అర్థం కాలేదు. ఎదురుగా ముప్పై గజాల దూరంలో, ద్రోణుడు నిలబడే చోట తడిపిన మట్టిలో సున్నం బొట్టు పెట్టి ఉంది. వీరభద్రం విల్లు కుడిచేత్తో పట్టాడు. ఎడమచేత్తో నారి లాగి వదిలాడు. బాణం వెళ్ళి సున్నం బొట్టు నడిమధ్య దిగింది.

ముందుగా చప్పట్లు కొట్టింది టీ వంటవాడు.

"అబ్బో! మరైతే నేను నిలబడతాను," అన్నాడు సత్యనారాయణమూర్తి.

డైరెక్టర్ రామకృష్ణ మాత్రం తల పట్టుకున్నాడు. "హీరో క్లోజప్పుల్లో కుడిచేత్తో లాగాడండీ. దూరపు షాట్‌కి వచ్చేసరికి ఎడమచెయ్యా? పుర్రచేతి అర్జునుడంటూ జనం ఈలలేస్తారు!"

"దానికేముంది, ఫిల్మ్ తిరగేసి ప్రింట్ చేద్దాం," అన్నాడు కెమెరామన్. "అద్దంలో చూసినట్టే. ఎడమ కుడి అయిపోతుంది."

అందరికీ ప్రాణం లేచొచ్చింది. తెర మీద సరిగ్గా కనపడాలంటే ఇక్కడ అన్నీ తారుమారు చెయ్యాలి. అర్జునుడి కత్తి నడుముకి రెండో వైపుకి మారింది. రథం అటుది ఇటు తిప్పారు. కాస్ట్యూమర్ ద్రోణుడి దగ్గరికెళ్ళి, ఎడమ భుజం మీది జంధ్యాన్ని తీసి కుడి భుజం మీదికి వెయ్యబోయాడు.

"ఆగు!"

ఆ కేక నిర్మాత పట్టాభిరామయ్యది. కొట్టిన కొబ్బరికాయ కుళ్ళిందని ఒక సినిమానే మానేసిన మనిషి. గొడుగు పట్టేవాణ్ణి వెనకే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"అపసవ్యంగా వేస్తావుటయ్యా జంధ్యం? తద్దినాలు పెట్టేటప్పుడు వేసుకున్నట్టు? అదీ ద్రోణాచార్యులవారికి! నేను తీసేది సినిమానా, నా ఆబ్దికమా?"

"పోనీ అసలు జంధ్యమే తీసేసి నిలబడమంటారా?" అన్నాడు సత్యనారాయణమూర్తి.

"మూర్తిగారూ, మీరు కాసేపు ఊరుకోండి. అది ఇంకా ఘోరం!"

బతిమాలారు, నచ్చజెప్పారు. పట్టాభిరామయ్య తన మాట మీంచి కదల్లేదు. చివరికి రామకృష్ణ నిట్టూర్చి త్రినాథరావు వైపు తిరిగాడు. "మాస్టారూ, మద్రాసు నుంచి సన్నతీగ తెప్పించండి. నల్లరంగు వేయించి చూద్దాం."

త్రినాథరావు వచ్చి వీరభద్రం భుజం మీద చెయ్యేశాడు. "బాగా వేశావురా. కానీ సినిమా కదా... మన చేతుల్లో ఉండదు."

వీరభద్రం తలూపాడు. విల్లు నారి విప్పి, లారీ వైపు నడిచాడు. బాణం తగిలింది. అతనికి ఆ సంగతి తెలుసు.

అప్పుడు ఆకాశం నల్లబడింది. చెప్పాపెట్టకుండా బంజారాహిల్స్ వైపునుంచి మబ్బులు కమ్ముకొచ్చాయి. దుమ్ము లేచింది. బండల మీద తళుక్కున మెరిసి, నెత్తిన పిడుగు పడినట్టు ఉరిమింది. వానకంటే ముందు జనం పారిపోయారు. సైనికులు, ఫైటర్లు, లైట్‌బాయిలు అందరూ టార్పాలిన్ కింద దూరారు. ఎవరు మొదలెట్టారోగానీ, ఇళ్ళలో చిన్నప్పుడు అమ్మలు నేర్పిన మాటలు అందరి నోళ్ళలోంచీ వచ్చేశాయి.

"అర్జునా... ఫల్గుణా... పార్థా... కిరీటీ..."

అర్జునుడి మీద సినిమా తీస్తున్న యూనిట్ మొత్తం, పిడుగు పడకుండా అర్జునుణ్ణే పిలుచుకుంటోంది. విప్పిన గాండీవం ఒళ్ళో పెట్టుకుని వీరభద్రం కూడా పెదవులు కదుపుతున్నాడు. అందరికంటే పెద్ద గొంతు కారులో కూర్చున్న పట్టాభిరామయ్యది. కళ్ళు గట్టిగా మూసుకుని ఒక్కో పేరూ కేకేస్తున్నాడు.

"బీభత్సా... విజయా... కృష్ణా... సవ్యసాచీ..."

మిగతా వాళ్ళు ధనంజయుడి దాకా వెళ్ళి ఆపారు. పట్టాభిరామయ్య మాత్రం సవ్యసాచి దగ్గరే ఆగిపోయాడు. కళ్ళు తెరిచాడు. కారు దిగి గాలిలోకి వచ్చేశాడు.

"రామకృష్ణా! సవ్యసాచంటే ఏమిటయ్యా?"

"రెండు చేతుల్తోనూ బాణం వెయ్యగలవాడండీ. ఎడమచేత్తో కూడా..." అంటూ రామకృష్ణ చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నిన్న హీరోగారి చేత ఈ పది పేర్లూ డైలాగు చెప్పించిందెవరు?"

"నేనేనండీ."

"అర్థంతో సహా?"

"అర్థంతో సహానండీ. మూడు టేకులు తీశాను."

టార్పాలిన్ కింద నవ్వులు పేలాయి. నిర్మాత నవ్వలేదు. అతనికి ఇంకో అనుమానం వచ్చింది. "అవునూ, గురువుగారికి ఎడమచేత్తో నమస్కారమా? అది మాత్రం మర్యాదేనా?"

ఈసారి సమాధానం ద్రోణుడే చెప్పాడు.

"పట్టాభిగారూ, జాగ్రత్తగా చూడండి. ఎడమచెయ్యి లాక్కున్నది తన వైపుకి. విల్లు పట్టి నా వైపు చాచిన చెయ్యి ఏది? కుడిదే కదా! మర్యాదంటే ఇదీ. ఇన్నాళ్ళూ ప్రతివాడూ ఎడమచెయ్యి నా మొహం మీద పెట్టే బాణం వేశాడు. నేనే పోన్లే అని ఊరుకున్నాను."

పట్టాభిరామయ్య గాల్లో రెండు చేతులూ చాచి, లాగి, సరిచూసుకున్నాడు. అతని మొహం విప్పారింది. "తియ్యండయ్యా! తిరగెయ్యొద్దు, ఏమొద్దు. ఉన్నదున్నట్టు తియ్యండి!"

"హీరో వచ్చాక విల్లు చెయ్యి మార్చే క్లోజప్ ఒకటి తీస్తే చాలు," అంటున్నాడు రామకృష్ణ, తనలో తను లెక్క కట్టుకుంటూ. "థియేటర్ ఊగిపోతుంది. వానకి ముందే కానివ్వండి, ఈ వెలుగు మళ్ళీ దొరకదు!"

మబ్బుల కిందినుంచి వచ్చిన రాగిరంగు వెలుగులో బండలు మెరుస్తున్నాయి. కత్తిని, రథాన్ని మళ్ళీ యథాస్థానానికి మార్చారు. వీరభద్రం కవచం తొడుక్కున్నాడు. కోత మచ్చ దాని కింద దాక్కుంది. నారి ఎక్కించి డైరెక్టర్‌తో అన్నాడు.

"సార్, ఒక్క మాట. మీరు యాక్షన్ అన్నంకనే లాగుత. ముందే లాగి పట్టుకొని నిలవడుమంటే నాతోని కాదు. ఊపిరి సాలదు."

"నీ ఇష్టం."

ముప్పై గజాల అవతల సత్యనారాయణమూర్తి నిలబడ్డాడు. "నాయనా భద్రం! తప్పితే?"

"తప్పదు సార్. జర కదలకుండ్రి."

"కదిలే ధైర్యం నాకెక్కడిది!"

గాలి బలంగా వీస్తోంది. ఎంత పక్కకి కొడుతుందో తెలియాలి. వీరభద్రం ద్రోణుడి తెల్లగడ్డం వైపు చూశాడు. అది ఒక పక్కకి ఎగురుతోంది, ఆగుతోంది, మళ్ళీ ఎగురుతోంది.

"యాక్షన్!"

గడ్డం ఎగిరింది. వాలుతోంది. వీరభద్రం మిగిలిన ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, లాగాడు. గడ్డం రొమ్ముకి ఆనింది. వదిలాడు.

బాణం వెళ్ళిన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. అది ద్రోణుడి పాదాలకు జానెడు ముందు దిగి, ఈకలు వణికిస్తూ నిలబడింది. ఒక్క క్షణం తర్వాత ద్రోణుడు దాన్ని చూసి, తల ఎత్తి, స్క్రిప్టులో లేని పని చేశాడు. కుడిచెయ్యి ఎత్తి దీవించాడు.

"కట్! ఓకే! ఓకే!" రామకృష్ణ గొంతు కీచుగా వచ్చింది. ఆ కేకతోపాటే వాన దిగింది.

జనం పరుగెడుతుంటే సత్యనారాయణమూర్తి తడుస్తూ వచ్చి వీరభద్రాన్ని కావలించుకున్నాడు. "చూశావా, కళ్ళు మూసుకోలేదు!"

"మూసుకున్నరు సార్. ఇక్కడికే కనవడ్డది."

"అయ్యో! కెమెరాకి కూడానా?"

"ఫికర్ చెయ్యకుండ్రి. గాలికి జుట్టు అడ్డం వడ్డది."

త్రినాథరావు గొడుగు పట్టుకుని వచ్చాడు. "హీరో శుక్రవారం దిగుతాడు. ఎడమచేత్తో ఎలా లాగాలో ఆయనకి నువ్వే నేర్పాలి. రేపట్నుంచి నువ్వు నా ఫైటర్లతోనే. ఈ బాణాలు చేసే పని ఇంకెవరికైనా చెప్తాలే."

"మిగతాయి ఎవలకన్న ఇయ్యుండ్రి మాస్టర్," అన్నాడు వీరభద్రం. "నా బాణాలు మాత్రం నేనే చేసుకుంట."

విల్లు చంకన పెట్టుకుని అలవాటు కొద్దీ ప్రాపర్టీ లారీ వైపు నాలుగడుగులు వేశాడు. ఫైటర్ల వ్యాన్ కిటికీలోంచి పది చేతులు బయటికొచ్చి ఊగాయి.

"భద్రన్నా, అటెటు పోతున్నవే? బజ్జీలు గీడున్నయ్!"

వీరభద్రం నవ్వుకుంటూ వెనక్కి తిరిగాడు. ఇరుక్కుని కూర్చున్న ఫైటర్లు జరిగి చోటిచ్చారు. వ్యాన్ కదిలింది. బయట బండల మీద వాన ధారలు కట్టింది. అతను విల్లుని మోకాళ్ళ మధ్య భద్రంగా నిలబెట్టుకుని, వేడి వేడి బజ్జీ కొరికాడు.