తెరచాపకు సున్నా

మగ్గం మీద మిగిలిన చివరి చద్దరుకు నేను కండెలు చుడుతున్నాను. మధ్యాహ్నం మల్లప్ప సేటు మనుషులు వచ్చేలోపు అది పూర్తి కావాలి. పవర్‌లూమ్‌లు వచ్చాక మా చేతి మగ్గానికి నూలిచ్చేవాడు లేడు. నాయిన మగ్గాన్ని నూటయాభైకి సేటుకు అమ్మేసి, ఆ డబ్బు పండరిపురంలో తెరచాప చిరిగిపోయిన పాత పడవకు కట్టి వచ్చాడు. ఆషాఢంలో యాత్రికుల్ని భీమా నది దాటిస్తే ఏడాది గడుస్తుందని ఆయన ఆశ.

“రాట్నం ఆపి రాయి బిడ్డా,” అన్నాడు నాయిన. “పడవ బాగుచేసుడుకు. పలకలు నలబై. తారు పన్నెండు. మోకులు తొమ్మిది.”

ఊరి బడిలో నాలుగు చదివాను గనుక ఇంట్లో లెక్క రాసేది నేనే.

బీడీ ఆకు కత్తిరిస్తూ అమ్మ, “ఈత రానోనికి పడవ. మంచిగుంది,” అంది.

“నడిపేటోనికి ఈత ఎందుకే? మునిగేటోనికి కావాలె గని.”

అమ్మ నవ్వింది. ఆ నెలలో అదే మొదటిసారి.

మొత్తం అరవై ఒకటి. ఇత్తడి బిందెలు అమ్మితే అంతే వస్తుంది. పైన ఒక్క పైసా మిగలదు.

“తెరచాపకు?” అడిగాను.

“సున్నా పెట్టు. కొంటే డెబ్బై అంట. సాలోడు గుడ్డ కొంటడా? పుట్టినకాడికెల్లి గుడ్డకు పైస పెట్టిన్నా నేను? తెగిన పోగులు సంచెడున్నయి. ముడేసి మనమే నేస్తం.”

సున్నా పెట్టాను. మాట్లాడుతున్నంతసేపూ నాయిన చేయి మగ్గం మీదే ఉంది.

“దేని మీద నేస్తవ్, నాయినా?”

అమ్మ చేతిలో కత్తెర ఆగింది. నాయిన నన్ను చూశాడు. తర్వాత మగ్గాన్ని చూశాడు.

“పడవమ్మినోన్ని పైసలు వాపస్ అడుగు,” అంది అమ్మ.

“నా ముందట్నే తనకు అప్పిచ్చినోనికి కట్టిండు.”

“తెరచాప లేకుంటే?”

“పడవ కట్టేసినకాన్నే ఉంటది.”

“సేటును వారం ఆగుమను. కాళ్ళన్న పట్టుకో.”

వాకిట్లో బండి ఆగింది. ఇద్దరు మనుషులు లోపలికొచ్చి, ఏమీ అడగకుండానే మగ్గం తాళ్ళు విప్పసాగారు. నాయిన మగ్గం మీంచి చేయి తీశాడు. వాళ్ళలో ఒకడు, “సేటు మీకు సలాం చెప్పిండు,” అన్నాడు.

నాయిన అమ్మ చేతిలోని కత్తెర తీసుకున్నాడు. మూరెడు తక్కువైన చద్దరును మగ్గం నుంచి కోసి, మడిచి, నా ఒడిలో పెట్టాడు. మగ్గపు బరువైన దూలం ఒక కొన వాళ్ళకు లేవలేదు. ఆ కొన తన భుజానికెత్తుకుని, వాళ్ళ వెంట గడప దాటాడు.