సముద్రం నెమ్మదిగా ఉంది

విజయనగరం స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద తడి ఇసకలో హైమవతి నడుస్తోంది, ప్లాట్‌ఫారానికి ఇసకేమిటని ఆమెకి తోచదు, ఎందుకంటే పట్టాలుండాల్సిన చోట సముద్రముంది, ఆ సముద్రం అంచున బెంచీ మీద భుజంగరావు మాస్టారు కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నారు. పోయినవాళ్లు ఇలా కూర్చోరని ఆమెకి తెలుసు. కానీ మెడలో పాత హెడ్‌ఫోన్లు, చేతిలో ఫ్లాస్కు మూత, మూతలో పొగలు కక్కే టీ, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి గనక, ఆయన పోవడం ఒక్కటే ఎక్కడో జరిగిన పొరపాటని సరిపెట్టుకుని పక్కన నిలబడుతుంది.

"ఏటమ్మా హైమా, మొహం అలగ వాడిపోయింది?" అంటారాయన.

పని ఎక్కువైందండీ అంటుంది. ఆ పని నేర్పింది ఆయనే. చెవులు అద్దెకిచ్చి బతికే ఉద్యోగమని ఆయనే ఎగతాళి చేసేవారు. చలికొండ మీద ఒక కేంద్రంలో కూర్చుని పరాయి దేశాల రేడియోలు వినడం, వాటిలో మన దేశానికి పనికొచ్చే ముక్కలు ఏరి ఢిల్లీ పంపడం, అక్కడ అవి ప్రధాని బల్ల మీదికి చేరడం. ప్రధానికి పొద్దున్నే కాఫీ ముందా, ఈ కాగితం ముందా అన్నది ఆయన ఇంటి సంగతి గానీ, తమ కాగితం చూడందే దేశానికి తెల్లవారదని కొండ మీది వాళ్లందరి గట్టి నమ్మకం. మెరువా దీవి భాష ఆ కేంద్రంలో మొదట మాస్టారికొక్కరికే వచ్చేది. ఆయన దాన్ని హైమవతికి నేర్పారు, ఇంట్లో కొడుకు వాసుకి నేర్పారు, ఆ తర్వాత పెద్దగా జబ్బు కూడా చెయ్యకుండా వెళ్లిపోయారు.

బెంచీ రెండో కొసన ఎవరో ఒకావిడ కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, తడిసి ఒంటికి అంటుకున్న బట్టలు, చెప్పుల్లేని కాళ్లు. ఒళ్లో వేరుశనక్కాయలు పోసుకుని, ఒక్కొక్కటే ఒలిచి పప్పులు సముద్రంలో వేస్తోంది, తను మాత్రం ఒక్కటీ నోట్లో వేసుకోదు. పెద్దావిడ కదాని హైమవతి నమస్కారం పెడుతుంది. ఆవిడ తలూపి, చిన్నగా దగ్గుతుంది.

"ఎవరండీ మాస్టారూ?"

"గుర్తు పట్టలేదూ? సెలూమా."

ఆ పేరు వినగానే హైమవతికి నవ్వొస్తుంది. మెరువా రేడియోలో మధ్యాహ్నం పూట జాలర్లకి సముద్రం సంగతి చదివే మనిషి ఈవిడ. ఇరవై ఏళ్లకి పైగా మాస్టారు రోజూ ఆ గొంతు విన్నారు. ఆవిడకి జలుబు చేస్తే ఈయన ఆ పూట దిగులుగా తిరిగేవారు, ఆఫీసులో అందరూ దాన్ని మాస్టారి రెండో సంసారం అనేవారు, ఆఖరికి ఇంట్లో భార్య కూడా క్యారియర్ అందిస్తూ మీ ఆవిడ ఈవేళ ఏమంటుందో కనుక్కురండి అనేది. ఆయన పోయేదాకా ఆ దేశం వెళ్లలేదు, ఆవిణ్ణి చూడలేదు.

"చూశానమ్మా మొత్తానికి," అంటారు మాస్టారు, ఆమె మనసులో మాట విన్నట్టుగా. "ఈమధ్యే వచ్చింది."

ఎక్కడికి వచ్చిందని అడగబోయి హైమవతి ఆగుతుంది, ఈలోపు ప్లాట్‌ఫారం కాస్తా కొండ మీది తమ గదే అయిపోతుంది, బల్లలూ రికార్డింగ్ మిషన్లూ వరసగా ఉన్నాయి, నేల మాత్రం ఇసకగానే ఉంది, గోడల్లోంచి నీళ్లు ఊరుతున్నాయి. ఎవరూ పట్టించుకోరు. హైమవతి మాస్టారి ముందు తన పనితనం చూపించుకోవాలన్న ఆశ చావక, మెరువాతో స్నేహ ఒప్పందం కుదిరిందనీ, సంతకానికి ప్రధాని గారే వెళ్తున్నారనీ, అక్కడ పరిస్థితి ఎలా ఉందో చెప్పమని ఢిల్లీవాళ్లు రోజూ అడిగేది తననేననీ గొప్పగా చెప్పుకుపోతుంది.

మాస్టారు టీ తాగడం మానేస్తారు. "మావాడేడీ?"

"ప్రధాని గారితోనే వెళ్తున్నాడండీ. దుబాసీగా మాటలు చెప్పేది వాసే. ఆ భాష వచ్చినవాళ్లు ఇంకెవరున్నారు?"

"నువ్వేటి రాసి పంపావు?"

"అంతా మామూలుగానే ఉందని రాశానండీ. రేడియోలో తేడాగా ఏమీ అనలేదు."

"దగ్గింది గదమ్మా."

ఈ మాట హైమవతికి గుచ్చుకుంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె దగ్గులూ, తటపటాయింపులూ, కుర్చీ చప్పుళ్లూ అన్నీ రాసేది, మాస్టారు ఎర్ర పెన్సిల్‌తో అన్నీ కొట్టేసి, ప్రధానికి దగ్గులెందుకమ్మా, మాటలు రాయి అనేవారు. ఆ కేంద్రంలో అది శాసనం. అన్నది రాయాలి, అననిది రాయకూడదు.

"దగ్గులు రాయొద్దని మీరే కదండీ నేర్పారు," అంటుంది, ఏడుపు ఆపుకుంటూ.

"నేర్పాను. అప్పుడు దగ్గింది బతికున్న మనిషి."

సెలూమా ఒళ్లోని పొట్టు దులుపుకుని లేస్తుంది. రోజూ చదివే మాటలే ఆవిడ గొంతుతో గది నిండా వినిపిస్తాయి, అన్నలారా, ఈవేళ సముద్రం నెమ్మదిగా ఉంది, భయం లేకుండా బయల్దేరండి అని. కానీ ఆవిడ పెదవులు కదలవు. ఆవిడ పాపం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ మాట తనది కాదన్నట్టు తల అడ్డంగా తిప్పుతూనే ఉంటుంది.

గదికి నాలుగో గోడ లేదిప్పుడు, నీళ్ల మీద ఒక దారి తేలుతోంది, దాని మీద ఎవరో శాలువా కప్పుకున్న పెద్దమనిషి దండ సర్దుకుంటూ నడుస్తున్నాడు, వెనకాల ఫైళ్లు గుండెకి హత్తుకుని వాసు, నాన్నలాగే కొంచెం కుడివైపుకి ఒరిగి. అవతలి ఒడ్డున స్వాగతానికి జనం బారులు తీరి ఉన్నారు. దగ్గరకి వెళ్తున్నకొద్దీ తెలుస్తుంది, వాళ్లందరూ ఇటు వీపులు పెట్టి నిలబడ్డారు. వాసూ అని పిలవబోతే హెడ్‌ఫోను తీగ హైమవతి గొంతుకి చుట్టుకుని ఉంది. మాస్టారు ఆ తీగ విప్పాలని చూస్తారు గానీ ఆయన వేళ్లు దానిలోంచి దూరిపోతున్నాయి.

"పిలవమ్మా," అంటారు మాస్టారు. "నా పిలుపు వాడికి వినపడదు."

హైమవతికి మెలకువ వచ్చింది. కుర్చీలో తల వాల్చేసి ఉంది, మెడ పట్టేసింది, కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ బల్ల మీద పడుతోంది, హెడ్‌ఫోన్లు చెవులకే ఉన్నాయి. వాటిలో సెలూమా గొంతు. భయం లేకుండా బయల్దేరండి, అంది. ఆ వెంటనే చిన్న దగ్గు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు.

రోజూ వినే దగ్గే. రోజూ అచ్చంగా అదేనా అన్న అనుమానం వచ్చింది. నిన్నటి రికార్డింగ్ పెట్టి వింది. బయల్దేరండి, దగ్గు, కిర్రుమన్న చప్పుడు. మొన్నటిది పెట్టింది. అదే దగ్గు, అదే కిర్రు, అంతే ఎడం. మనిషి రోజూ ఒకే రకంగా దగ్గదు. ఎవరో పాత రికార్డు వేస్తున్నారు, ఊరంతా మామూలుగా ఉన్నట్టు వినిపించాలని, వినేవాళ్లు కొండ మీద ఒకరున్నారని తెలిసే వేస్తున్నారు. ఆమె మాత్రం శ్రద్ధగా రోజూ ఆ దగ్గు తీసేసి మిగతాది పంపింది.

ఢిల్లీకి ఫోన్ చేసింది. డ్యూటీలో ఉన్న అధికారి ఏమైందని అడిగాడు. మెరువాలో రేడియో స్టేషన్ ఎవరి చేతుల్లోకో పోయిందనీ, ప్రధాని ప్రయాణం ఆపాలనీ ఆమె చెప్పింది. రేడియోలో ఏమన్నారని అడిగాడు.

"ఏమీ అనలేదు సార్. దగ్గింది."

అతను విసుగేమీ లేకుండానే చెప్పాడు, సాయంత్రం బయల్దేరాల్సినవాళ్లు, అంతా మామూలేనని పొద్దున ఆమె కాగితం చూసి, ప్రయాణం ముందుకు జరుపుకున్నారట. విమానం లేచి చాలాసేపైందట.

"వెనక్కి తిప్పించండి సార్," అంది హైమవతి. ఎవరితో మాట్లాడాలో కనుక్కుంటాను, లైన్లో ఉండండి అన్నాడతను.

ఆమె ఫోన్ పట్టుకుని అలాగే ఉంది. సముద్రం సంగతి రెండుసార్లు చదవడం మెరువా రేడియో ఆనవాయితీ. రెండో చెవిలో సెలూమా మళ్లీ మొదలుపెట్టింది, అన్నలారా, ఈవేళ సముద్రం నెమ్మదిగా ఉంది, భయం లేకుండా బయల్దేరండి. హైమవతి కళ్లు మూసుకుని దగ్గు కోసం ఎదురుచూసింది. అది రావలసిన చోటే వచ్చింది.