కైరాశి

హోసూరులోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు నళినికి కైరాశి, అంటే మంచి చేతివాసి, ఉందని పేరు. ఆమె చెయ్యి పడితే నెలలు నిండని బిడ్డ కూడా నిలదొక్కుకుంటుందని తల్లుల నమ్మకం. తన వంతు కాని బిడ్డలను ముట్టుకోవడానికి కూడా ఆమెనే పిలుస్తారు.

ఆ వారం పసిబిడ్డల ఐసీయూలో ఇద్దరికి జ్వరం వచ్చింది. ఇద్దరి నెత్తురులోనూ ఒకే క్రిమి. డాక్టర్ హేమావతి నర్సులను నిలబెట్టి, దూదిపుల్లతో అరచేతులూ వేళ్ళ సందులూ తుడిచి పరీక్షకు పంపింది.

"మనలో ఎవరో మోసుకొచ్చి అంటిస్తాండారు," అంది.

ఫలితం వచ్చింది. అందరి చేతులూ శుభ్రం. మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. నళిని మాత్రం గౌను చేతిని ఇంకాస్త కిందికి లాక్కుంది. దూదిపుల్లతో తుడిచిన రోజు ఆమె తన మణికట్టుకున్న తాడును పైకి నెట్టి, గౌను చేతి కింద దాచింది.

కొడుక్కి ఫిట్స్ వచ్చినప్పుడు అత్త మారక్క మంత్రింపజేసి కట్టించిన పసుపుతాడు అది. తీస్తే బిడ్డకు మళ్ళీ వస్తాయంది. కట్టాక రాలేదు కూడా. రోజంతా తడిసే ఆ తాడు ఎప్పుడూ పూర్తిగా ఆరదు. ఎంత పైకి నెట్టినా పనిలో కిందికి జారుతుంది.

"సిస్టరమ్మా, నా బిడ్డని కొంచెం ముట్టు," అని జవళగిరి నుంచి వచ్చిన తల్లి అముద పిలిచింది. "నిన్న నువ్వు ముట్టినాక పాలు తాగింది. ఈ పొద్దు మొండికేస్తాంది, అచ్చం వాళ్ళ నాయనే!"

నళిని చెయ్యి చాపబోయి ఆగింది. బిడ్డను పడుకోబెట్టిన గాజుపెట్టె మీద జ్వరం అంకె ఎర్రగా వెలుగుతోంది.

"యేమమ్మా, నిలబడిపోయినావు?"

"నేను ముట్టకూడదు అముదా."

నళిని డాక్టర్ గదికి పరుగెత్తి గౌను చేతిని పైకి లాగింది. "మేడం, దీన్ని మీరు తుడవలేదు. నేనే దాచినాను."

హేమావతి కత్తెర అందించింది.

"మీరే కోయండి మేడం. నా చేత కాదు."

తాడు సీసాలో పడింది. అది ఉన్నచోట చర్మం నాని తెల్లబడి ఉంది. సీసాను పరీక్షకు పంపి, అముద బిడ్డకు మందు మొదలుపెట్టమని అరుస్తూ హేమావతి బయటికి వెళ్ళింది.

నళిని ఇంటికి ఫోన్ చేసింది. "అత్తా, వాడెట్లుండాడు?"

"నిద్రపోతాండాడు. యేం?"

"లేపు."

"యేందే, ఇప్పుడే పండుకున్నాడు!"

"లేపత్తా. వాడి గొంతు వినాల నేను."

మారక్క మనవణ్ణి పేరు పెట్టి పిలుస్తోంది. మళ్ళీ పిలుస్తోంది. తలుపవతల అముద గొంతు కూడా లేచింది: "సిస్టరమ్మా! సిస్టరమ్మా!"