మంట తెలియని చేతులు

మీకు మాత్రమే చెప్తున్నా: సన్నబడ్డాక నాకు సంతోషంగా లేదు. బాధగానూ లేదు. ఏమీ లేదు.

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల మీద పూత ఊడిపోయి, నడక తడబడే జబ్బు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని కాబట్టి నా లెక్కలో, కేబుళ్లని ఎలకలు కొట్టేసినట్టు. స్టెరాయిడ్లు, కూర్చునే ఉద్యోగం కలిసి నన్ను లావు చేశాయి. పెళ్లిళ్లలో నా జబ్బు ఎవరికీ కనపడలేదు, లావు మాత్రం అందరికీ కనపడింది. "లావు తగ్గే పొట్ట ఆపరేషన్ చేయించుకుంటే నడక కూడా అదే వచ్చుద్ది" అని మా అత్త సుబ్బరావమ్మ తేల్చేసింది. నరాల డాక్టరమ్మ "మోకాళ్లకి తేలికవుతుంది, జబ్బు పోదు" అని చెప్పింది. ఇంట్లో అందరూ మొదటి సగమే విన్నారు. నేను కూడా.

ఆపరేషన్ అయ్యాక మోకాళ్లు నిజంగానే తేలికపడ్డాయి. సగం ఇడ్లీకే కడుపు నిండిపోతుంది. పొద్దున్నే మెలకువొస్తే, లేవడం ఎందుకా అనిపిస్తుంది. మా ప్రత్తిపాడులో ఎదురైనవాళ్లంతా "హీరోయిన్‌లా అయ్యావే!" అంటారు. చెకప్‌లో సర్జన్ "ఎలా ఉన్నారమ్మా?" అని నన్నడిగితే, మా ఆయన శివరామకృష్ణ "సూపరండీ, చూశారుగా!" అన్నాడు. నేను నవ్వాను. నవ్వొక్కటి బాగానే పనిచేస్తోంది.

నిన్న ఏడాది కారానికి మిరపకాయలొచ్చాయి. ఎప్పుడూ అత్త, నేను, తోడికోడలు శ్రీదివ్య చేతులకి నూనె రాసుకుని, కలిసి కూర్చుని ముచ్చికలు తీసేవాళ్లం. ఈసారి గోతం మొత్తం నా ముందే కుమ్మరించారు.

"దుర్గ తీసుద్దిలే. దాని చేతులకి మంట తెలియదుగా," అంది అత్త.

శ్రీదివ్య పకపకా నవ్వింది. "అదృష్టవంతురాలివక్కా! మాకైతే రెండ్రోజులు పిల్లాణ్ణి ముట్టుకోవాలన్నా భయమే."

నిజమే, నా వేళ్లు మొద్దుబారి చాలా కాలమైంది. జబ్బు నాకిచ్చిన ఒకే ఒక్క క్వాలిఫికేషన్ అది. ఇంట్లో వెంటనే ఉద్యోగం ఇచ్చేశారు. తీస్తూ కూర్చున్నాను. చెమట పట్టి, ఏమరుపాటున అదే చేత్తో కన్ను తుడుచుకున్నాను.

వేళ్లకి తెలియని కారం కంటికి తెలిసింది. కుళాయి దగ్గరికెళ్లి చాలాసేపు నీళ్లు కొట్టుకున్నాను. మంట పూర్తిగా పోయింది. కన్నీళ్లు ఆగలేదు. రెండో కంట్లోంచి కూడా వస్తున్నాయి. దాన్ని నేను ముట్టుకోనే లేదు.

మా ఆయన వచ్చి చూశాడు. "ఏంటే, మిరపకాయేనా? పాలతో కడుక్కో, పోద్ది."

"కారం పోయిందండీ. ఇది అది కాదు."

"మరేంటి? సన్నబడ్డావుగా, ఇంకేం కావాలి?"

ఎగతాళికి కాదు, నిజంగా తెలియకే అడిగాడు. అది ఇంకా కష్టం. నరాల డాక్టరమ్మకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాను.

"ఎలా ఉన్నావమ్మా దుర్గా?" అందావిడ.

అలవాటు ప్రకారం మా ఆయన నోరు తెరిచాడు. చెయ్యి అడ్డం పెట్టాను. కారం చెయ్యి. గబుక్కున వెనక్కి జరిగాడు.

"బాగాలేను మేడం. చాలా రోజుల్నించి ఏమీ అనిపించట్లేదు. లేవబుద్ధి కావట్లేదు."

"చెప్పి మంచిపని చేశావు. ఈ జబ్బుతో పాటు చాలామందికి డిప్రెషన్ కూడా వస్తుంది, దానికి వైద్యముంది. రేపే రా. లోపలికి మాత్రం ఒక్కదానివే రా."

ఫోన్ పెట్టేశాను. కుప్పలో సగం కాయలు ముచ్చికలతో అలాగే ఉన్నాయి. నేను మళ్లీ కూర్చోలేదు. కాసేపటికి అత్త నూనె గిన్నె దగ్గరికి లాక్కుంది.

మీ ఇంట్లో "ఎలా ఉన్నావు?" అని మిమ్మల్ని అడిగితే, జవాబు ఎవరు చెప్తున్నారు? రాయండి. అన్నీ చదువుతాను.